మిరప మొక్కలూ - తెరమీది చుక్కలూ

పిల్లలూ! మిరప చేలో ఒక సాలు వెంట నడుస్తూ పది మొక్కలు లెక్కపెట్టండి. ఆ పది మొక్కల సాలు ఎంత పొడవు? మొక్కకూ మొక్కకూ ఎంత ఎడమున్నదో తెలియనిదే చెప్పలేరు. దగ్గరగా నాటిన చేలో పొట్టిది, ఎడంగా నాటిన చేలో పొడుగుది. లెక్క వేరు, కొలత వేరు.

సెల్‌ఫోను తెర కూడా ఇటువంటి చేనే. దానిమీది బొమ్మలూ, అక్షరాలూ అన్నీ సన్నని వెలుగు చుక్కలతో ఏర్పడినవే. ఈ చుక్కను పిక్సెల్ అంటారు. కొన్ని తెరలలో అంగుళానికి 160 చుక్కలుంటే, కొన్నిటిలో 480 ఉంటాయి. 48 చుక్కల వెడల్పున ఒక మీట గీశామనుకోండి. మొదటి తెరమీద అది సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండవదానిమీద రెండున్నర మిల్లీమీటర్లే, ఇంచుమించు మిరప గింజంత!

మరి ఉపాయమేమిటి? ఆండ్రాయిడ్ ఫోనులకు "డీపీ" అనే కొలత ఏర్పరిచారు. అంగుళానికి 160 చుక్కలున్న తెరమీద ఒక డీపీ అంటే ఒక చుక్క. 480 ఉన్న తెరమీద మూడు చుక్కలు. ఈ హెచ్చవేత ఫోనే చేసుకుంటుంది. అందుచేత ఏ ఫోనులోనైనా మీట ఇంచుమించు ఒకే సైజులో ఉంటుంది. వేలితో నొక్కే మీట 48 డీపీలకు తగ్గరాదని గూగుల్ సంస్థ సలహా.

ఇది చిన్న సంగతి కాదు. గుంటూరు యార్డుకు మిరపకాయలు తోలే రైతు ఇప్పుడు ధర ఫోనులో చూసుకోవచ్చు. 2016 ఏప్రిల్ 14న ప్రారంభమైన ఈ-నామ్‌కు ఫోను యాప్ కూడా ఉన్నది. పలుగూ పారా పట్టి కాయలు కాసిన వేలికి గింజంత మీట అందుతుందా? ఒకటి నొక్కబోతే పక్కది పడుతుంది.

అక్షరాలకు "ఎస్పీ" అనే మరో కొలత ఉన్నది. ఇదీ డీపీ వంటిదే. కాని చూపు ఆనని తాతయ్య సెట్టింగులలో అక్షరాలను పెద్దవి చేసుకుంటే, ఎస్పీ కూడా వాటితో పెరుగుతుంది. అయితే అక్షరంతోపాటు దాని గడి కూడా పెరగాలి. లేకుంటే "క్వింటాలు" కింద వత్తు తెగి "కింటాలు" అవుతుంది. అది పోనీయండి, 18000లో చివరి సున్న తెగితే 1800 అవుతుంది! తాతయ్య గుండె ఆగదూ?

పెద్దల అనుమతితో రెండు ఫోనులు తీసుకొని, ఒకే యాప్‌లోని ఒకే మీటను స్కేలుతో కొలవండి. తరవాత అక్షరాలు పెంచి, ఏదైనా తెగిందేమో చూడండి.