కార్ఖానాలో పుట్టే రేసు కారు

ప్రతి ఏటా షబే బరాత్ రాత్రి హైదరాబాద్‌లో పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఇబాదత్‌లో గడపాల్సిన రాత్రి, మగ్ఫిరత్ అడగాల్సిన రాత్రి. మన జవాను పిల్లలు సైలెన్సర్లు పీకేసిన బైకులతో రోడ్ల మీద రేసులు పెడతారనే ఆ బందోబస్తు. ఖతీబ్ సాబులు చెప్పి చెప్పి అలసిపోయారు. అబ్బాలు తాళంచెవులు దాచిపెడతారు, పిల్లలు దోస్తు బండి ఎక్కుతారు. ఆ రాత్రి తెలియని నంబరు నుంచి ఫోను మోగితే అమ్మీల గుండె ఆగినంత పనవుతుంది.

ఈ విషయం మీద మనలో ఎవరు మాట్లాడినా 'వద్దు' అనే మాటతో షురూ అయి అక్కడే ఖతమ్ అవుతుంది. వద్దన్నది నిజమే. పరాయివాళ్ళ జాన్ తీసే హక్కు ఎవరికీ లేదు, తన జాన్ కూడా అల్లాహ్ ఇచ్చిన అమానతే. కానీ వేగం మీద షౌక్ ఉన్న పిల్లవాడికి 'వద్దు' తర్వాత ఏం చెప్తున్నాం? నా దగ్గర ఒక జవాబు ఉంది. వాణ్ణి ఒక చిన్న రేసు కారు తయారు చేయమనండి. నవ్వకండి, పూర్తిగా చదవండి.

ముందు దీన్ సంగతి. రేసు అనగానే లహ్వ్, బేకార్ ఖేల్ అనే బుజుర్గులు ఉంటారు కాబట్టి చెప్తున్నాను. బుఖారీ షరీఫ్‌లో హజ్రత్ ఇబ్నె ఉమర్ (ర) రివాయత్ ఉంది. ప్రవక్త (స) స్వయంగా గుర్రాల పందేలు పెట్టించారు. తర్ఫీదు ఇచ్చి, ఒళ్ళు తగ్గించి సన్నబరిచిన గుర్రాలకు హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా వరకు, ఐదారు మైళ్ళు. తర్ఫీదు లేని గుర్రాలకు సనియ్యా నుంచి బనూ జురైఖ్ మసీదు వరకు, సుమారు ఒక మైలు. ఆ పందెంలో ఇబ్నె ఉమర్ (ర) కూడా పాల్గొన్నారు. నాకు ఈ రివాయత్‌లో ఎప్పుడూ హైరత్ కలిగించేది దాని ఇంతిజామ్. మొదలు ఎక్కడో, ఆఖరు ఎక్కడో ముందే ముఖర్రర్ అయ్యాయి. సమానమైన గుర్రాలు సమానమైన వాటితోనే పరిగెత్తాయి. ఇవాళ మోటార్ రేసింగ్‌లో 'క్లాసు' అనేది అచ్చం ఇదే. బజారులో జనం మధ్య గుర్రాన్ని ఉరికించడం కాదది. ఇక ఇద్దరు కుర్రాళ్ళు చెరో వెయ్యి కాసి గెలిచినవాడు పట్టుకుపోయేది ఖిమార్, జూదం. దాని మీద బహస్ కూడా అనవసరం.

ఇప్పుడు కారు. రేసు కారంటే నవాబుల షౌక్ అని మనకు ఒక ఖయాల్. షౌకియాగా రేసులాడే మామూలు మనిషి కారు చరిత్ర చూస్తే అది పాత ఇనుప సామాన్ల మధ్య పుట్టింది. ఇంగ్లండులో 1922 నుంచి 1939 దాకా ఆస్టిన్ 7 అనే బుల్లి కారు తయారైంది. 747 సీసీ ఇంజను. మనకు మారుతి 800 ఎలాగో వాళ్ళకు అది అలాగ, సామాన్య కుటుంబం మొదటి కారు. దాని షౌకీన్లు 1939లో 750 మోటార్ క్లబ్ పెట్టుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చేతిలో పైసా లేని కుర్రాళ్ళు పాత ఆస్టిన్లు కొని, బాడీ ఊడబీకి, తమకు చేతనైనట్టు తేలికైన బండ్లు కట్టుకుని రేసులకు దిగారు. వాళ్ళలో ఒకడు కోలిన్ చాప్‌మన్. 1948లో, ఇంకా ఇంజనీరింగ్ చదువుతుండగానే, తర్వాత తన భార్య అయిన అమ్మాయి ఇంటి వెనక గ్యారేజీలో ఒక పాత ఆస్టిన్ 7ను పోటీ బండిగా మార్చాడు. లోటస్ కంపెనీకి అదే బిస్మిల్లా.

1957లో అతను లోటస్ సెవెన్ తెచ్చాడు. సన్నటి ఉక్కు పైపులతో పంజరం, దాని మీద అల్యూమినియం రేకు, రెండు సీట్లు. తలుపులు కూడా లేవు. బరువు సుమారు 500 కిలోలు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే అక్కడి సేల్స్ ట్యాక్స్ తప్పేది కాబట్టి గుమాస్తాలు, మాస్టర్లు, ఫిట్టర్లు పెట్టెల్లో తెచ్చుకుని ఇంటి దగ్గర బిగించుకున్నారు. 1973లో దాని హక్కులు కేటర్‌హామ్ వాళ్ళకు వెళ్ళాయి. ఆ కంపెనీ ఇప్పటికీ ఆ కారు అమ్ముతోంది. కొత్తవాళ్ళు కిట్టు కొని, తమ చేత్తో బిగించి, లైసెన్సు తీసుకుని తమలాంటి కొత్తవాళ్ళతోనే ట్రాకు మీద పోటీపడే సిరీస్ కూడా నడుపుతోంది. మళ్ళీ తర్ఫీదు లేని గుర్రాల పందెమే!

మన దేశంలో ఈ పని చేసినవాడు కోయంబత్తూరు ఎస్. కరివర్ధన్. 1980ల చివర్లో మారుతి 800 ఇంజను, 796 సీసీ, మూడు సిలిండర్లది, దాన్ని తీసుకుని ఒంటి సీటు రేసు కారు కట్టాడు. ఫార్ములా మారుతి అన్నారు దాన్ని. స్పేర్ పార్టులు ప్రతి ఊళ్ళో దొరుకుతాయి, ఏ మెకానిక్ అయినా విప్పి బిగించగలడు. అందులోనే అసలు హిక్మత్ ఉంది. విదేశీ ఇంజను పెట్టి ఉంటే నలుగురు రయీసులు నడిపి వదిలేసేవారు. తర్వాత ఫార్ములా వన్ దాకా వెళ్ళిన మొదటి హిందూస్తానీ నరేన్ కార్తికేయన్ తొలి రేసు ఆడింది ఈ ఫార్ములా మారుతిలోనే. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేకి ఆ పేరు ఆయన యాద్‌లో పెట్టిందే.

ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలున్న తల్లిదండ్రులు ఇక్కడి నుంచి కాస్త ధ్యాస పెట్టి చదవండి. ఫార్ములా స్టూడెంట్ అని ఒక పోటీ ఉంది. 1981లో అమెరికాలో, టెక్సాస్ యూనివర్సిటీలో షురూ అయి దునియా అంతా పాకింది. మన దేశంలో ఫార్ములా భారత్ పేరుతో అదే కరి స్పీడ్‌వేలో జరుగుతుంది. అందులో పిల్లలకు ఇచ్చే సవాలు ఇది: ఒక కంపెనీ మీకు పని అప్పగించిందనుకోండి, రేసింగ్ పేషా కాని మామూలు షౌకీన్ వారాంతంలో నడుపుకునే చిన్న రేసు కారు తయారు చేయండి. మొత్తం 1000 మార్కులు. వాటిలో 325 మార్కులు చక్రం తిరగకముందే తేలిపోతాయి. డిజైన్‌కు 150, ఖర్చు లెక్కకు 100, వ్యాపార యోజనకు 75. ఏ బోల్టు ఎందుకు వాడావు, ఎంత పడింది, ఇంతకన్నా సస్తాగా ఎందుకు చేయలేదు, అన్నిటికీ జవాబు చెప్పాలి. ట్రాకు మీద అతి పెద్ద వాటా ఎండ్యూరెన్స్‌ది. సుమారు 22 కిలోమీటర్లు, మధ్యలో డ్రైవరు మారాలి. ఎన్నో బండ్లు అక్కడే ఆగిపోతాయి. ఒక గొట్టం జారుతుంది, ఒక చైను తెగుతుంది, ఏడాది మెహనత్ మట్టిలో కలుస్తుంది. ఏడుస్తారు పిల్లలు. మళ్ళీ ఏడాది వస్తారు.

ఇంజను 710 సీసీ దాటకూడదు. పెట్రోలు బండి అయితే అది పీల్చే గాలి మొత్తం 20 మిల్లీమీటర్ల సందులోంచే పోవాలి. అంటే పెద్ద ఇంజను పెట్టి జబర్దస్తీగా గెలిచే దారి మూసేశారు. అందుకే మన కాలేజీ పిల్లలు చాలామంది బైకు ఇంజనుతోనే పని కానిస్తారు. సైలెన్సర్ పీకి చప్పుడు చేసే కుర్రాడికి ఇక్కడ మొదటి సబఖ్ దొరుకుతుంది: చప్పుడు ఎక్కువైతే బండిని ట్రాకు మీదికే రానివ్వరు. దానికి విడిగా పరీక్ష ఉంది. నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టేలా బ్రేకు వేసి చూపించాలి. బండిని బల్ల మీద పెట్టి 60 డిగ్రీలు వంచుతారు, చక్రం లేవకూడదు. డ్రైవరు బెల్టులన్నీ విప్పుకుని ఐదు సెకన్లలో బయటపడాలి. తల వెనక ఉండే మెయిన్ హూప్‌ను అతుకు లేని ఒకే పైపును వంచి చేయాలి.

ఇంత సఖ్తీ ఎందుకంటే తేలికదనానికి ఒక ఖతరా ఉంది. బరువు తగ్గితే బండి త్వరగా పరిగెడుతుంది, త్వరగా ఆగుతుంది, మలుపులో టైర్లు తక్కువ అరుగుతాయి. కానీ ఎక్కడ తగ్గించావన్నదే సవాల్. చాప్‌మన్ బండ్లు మరీ నాజూకు అన్న ఇల్జామ్ ఆయన్ని వదల్లేదు. 1970లో మోంజాలో ప్రాక్టీసు చేస్తూ యోకెన్ రింట్ జాన్ పోగొట్టుకున్నది లోటస్‌లోనే. కొలతలు తెలియకుండా పైపు కోసేవాడు మనిషి ఉమర్ కోస్తున్నట్టే లెక్క.

సరిగ్గా ఈ పంజరం దగ్గరే నా మొహల్లా గుర్తొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌కి వెళ్ళండి, హైదరాబాద్ పాతబస్తీ సందుల్లోకి వెళ్ళండి. వెల్డింగ్, డెంటింగ్, లేత్, రేడియేటర్ పని, ఎంతమంది మనవాళ్ళో చూడండి. చతురస్రం పంజరం మెలి తిరుగుతుందని, ఏటవాలు పైపు వేసి త్రికోణం చేస్తే గట్టిపడుతుందని కాలేజీలో ఒక సెమిస్టర్ చెప్తారు. ఊగే బల్లకు ఏటవాలు పట్టీ కొట్టే మన ఉస్తాద్‌కు అది పదేళ్ళ వయసులోనే తెలుసు. ఒక పక్కనే వెల్డింగ్ చేసుకుంటూ పోతే వేడికి ఫ్రేము వంకరపోతుందని, ముందు అన్ని మూలలా చుక్కలు పెట్టి తర్వాత ఇటొకటి అటొకటి నింపాలని ఆయన చేతికి తెలుసు. ఎంత బలం పడితే ఏ పైపు ఎంత వంగుతుందో లెక్క కట్టడం ఆయనకు రాదు. కాలేజీ అబ్బాయికి లెక్క వచ్చు, చేతిలో టార్చ్ పెడితే వణుకుతాడు. ఒకరిది హునర్, ఇంకొకరిది ఇల్మ్. ఇద్దరూ ఒకే ఖాందాన్‌లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉంటారు. అబ్బా గ్యారేజీలో, కొడుకు బీటెక్‌లో. కానీ కొడుకు తన దోస్తులకు అబ్బా పని చెప్పుకోడు. ఈ శరమ్ మనల్ని తినేస్తోంది, అదీ నా అసలు బాధ.

ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కార్బురేటర్ తిప్పి బండి చప్పుడుతో ట్యూనింగ్ చేసే పనికి కొత్త బండ్లలో చోటు పోయింది. సెన్సార్లు, కంప్యూటర్ వచ్చాయి. వెనకాలే కరెంటు బండ్లు. చెవితో ఇంజను జబ్బు పట్టే ఉస్తాదుల రోజీ ఏటా కాస్త కాస్త తగ్గుతోంది. ఫార్ములా భారత్‌లో కరెంటు కార్లకూ విడిగా విభాగం ఉంది. బ్యాటరీ పెట్టె ఎలా కట్టాలి, కరెంటు ఎక్కడ తెగ్గొట్టాలి, ఇవన్నీ అక్కడ ఇరవై ఏళ్ళ పిల్లలు చేత్తో చేస్తూ నేర్చుకుంటున్నారు. ఆ ఇల్మ్ మన కార్ఖానాలోకి రావాలంటే ఎవరో ఒకరు అక్కడికి వెళ్ళి తీసుకురావాలి కదా.

పైసలు? ఖర్చు లక్షల్లో ఉంటుంది, దాచను. కాలేజీ కొంత ఇస్తుంది, టీము స్పాన్సర్ల చుట్టూ తిరుగుతుంది. జకాత్ పైసలు ఇందులో పెట్టమని నేను అనడం లేదు, అది హక్‌దారులది. కానీ ఇస్రాఫ్ అనే మాట ఈ ఒక్క చోటే గుర్తొచ్చే పెద్దలను ఒకటి అడుగుతాను. మన వలీమాల్లో ఎన్ని రకాల మీఠాలు సగం తిని వదిలేస్తున్నారో ఎప్పుడైనా లెక్క కట్టారా? ఒక రెండు రకాలు తగ్గించి ఆ పైసలతో నాలుగు మంచి హెల్మెట్లు కొనివ్వండి. చదువు పాడవుతుందన్న ఫికర్ మాత్రం సహీ. రాత్రులు వర్క్‌షాపులో గడిపి పరీక్షల్లో వెనకబడ్డ పిల్లలు ఉంటారు. ఇంట్లో ఒక హద్దు పెట్టాలి.

బేటీల సంగతి కూడా. ఈ టీముల్లో అమ్మాయిలు ఉంటున్నారు, లెక్కలు, కంప్యూటర్ డిజైన్, ఖర్చు రిపోర్టు, డ్రైవింగ్ అన్నీ చేస్తున్నారు. 'పర్దా ఎలా' అని అడిగేవారికి: రేసు డ్రైవరు హెల్మెట్ కింద నిప్పు అంటుకోని బాలక్లావా వేసుకుంటాడు, తల, మెడ అంతా కప్పేది. ఒళ్ళంతా వదులైన సూటు, చేతులకు గ్లవుజులు. మగవాళ్ళక్కూడా ఇదే లిబాస్ తప్పనిసరి అని తెలిసి నాకు భలే నవ్వొచ్చింది.

వేగం కోసం వచ్చిన పిల్లవాడికి అక్కడ ఇంకో షాక్ ఉంటుంది. పాతిక ముప్పై మంది టీములో స్టీరింగ్ పట్టేది నలుగురైదుగురే. మిగతావాళ్ళు బిగిస్తారు, కొలుస్తారు, తోస్తారు, టైరు పట్టుకుని నిలబడతారు. తన చేత్తో బిగించిన నట్టు మీద దోస్తు జాన్ ఆధారపడి ఉందని తెలిశాక ఆ కుర్రాడు రోడ్డు మీద బండి నడిపే తరీఖా మారుతుంది. మొహల్లాలో నేను చూసిన మెకానిక్కులు దాదాపు అందరూ నెమ్మదిగా నడిపేవాళ్ళే, ఏది ఎలా విరుగుతుందో వాళ్ళకు తెలుసు కాబట్టి.

మీ అబ్బాయి, అమ్మాయి చదివే కాలేజీలో ఇలాంటి టీము ఉందేమో కనుక్కోండి. ఉంటే వాళ్ళకు ఎక్కువసార్లు దొరకనిది డిజైను కాదు, మంచి వెల్డర్. ఈ జుమా నమాజ్ తర్వాత మీ గల్లీ ఉస్తాద్‌తో మాట్లాడండి, పిల్లలు కారు కడతారట, మీరు చెయ్యి వేస్తారా అని. మొదట నవ్వుతాడు. ఇవన్నీ పెద్దవాళ్ళ ఖేల్ సాబ్ అంటాడు. చాయ్ సగం తాగాక, కప్పు కింద పెట్టి, 'పైపు ఎంత గేజు?' అని అడుగుతాడు.