అమ్మ అడిగిన వరం

మధ్యాహ్నం మూడో పీరియడు అయిపోయాక మా స్టాఫ్ రూము కాస్త సద్దుమణుగుతుంది. టీ కుర్రాడు వచ్చి ఖాళీ గ్లాసులు పట్టుకుపోతాడు. ఆ వేళప్పుడు నేను పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు కనిపిస్తూ ఒక చిన్న కునుకు తీయడం అలవాటు. ఈ రహస్యం మా ప్రిన్సిపాలుగారికి తెలియదనే నా నమ్మకం.

పోయిన నెలలో ఒకనాడు అట్లాగే కూర్చుని ఉండగా, గణితం చెప్పే మా మిత్రులొకరు కుర్చీ లాక్కుని నా పక్కన చేరారు. ఆయన ఇల్లాలికి ఆరు నెలలుగా ఆరోగ్యం బాగాలేదు. మూత్రపిండాలు చెడిపోయి, వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్నది. మనిషి సగమయ్యారు. ఆమె కాదు, ఈయన.

"సార్, ఒక మాట అడుగుత, తప్పుగ అనుకోవద్దు," అన్నారు. "వేములవాడకు పోయొచ్చిన. కొండగట్టుకు పోయొచ్చిన. మనసు నిలుస్తలేదు. మీవాళ్ళు ఎంత కష్టమొచ్చినా పాట పాడుకుంటరు, ప్రార్థన చేసుకుంటరు. నిజంగ బలమొస్తదా? లేకుంటే బలమొచ్చిందని అనుకుంటరా?"

వెక్కిరింపు కాదు. వాదానికీ కాదు. దాహంతో ఉన్నవాడు బావి ఎక్కడుందని అడిగినట్టు అడిగారు. నిద్రలో లేపి అడిగినా చంపకమాలకు గణాలు చెప్పగలను గాని, దీనికి జవాబు నోట రాలేదు. ఏదో చెప్పబోయేలోగా గంట కొట్టారు. ఆయన చాక్‌పీసు తీసుకుని క్లాసుకు వెళ్ళిపోయారు.

ఆనాడు చెప్పలేని జవాబే ఈ వారం రాస్తున్నాను. ఇది మతబోధ అనుకోకండి. బోధించేటంత జ్ఞానం నాకు లేదు. నాకు తెలిసినదల్లా మా అమ్మ సంగతి.

మాది బెల్లంపల్లి. అప్పుడది ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడగొట్టాక మంచిర్యాల జిల్లాలోకి వచ్చింది. నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. తట్టా చెమ్మస్ పట్టి కాయలు కాచిన చేతులాయనవి. 1995లో, నేను పదో తరగతిలో ఉండగా, ఒక రాత్రి రెండో షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, కంచం ముందు కూర్చున్నాడు. ముద్ద కలిపాడు. కలిపిన చెయ్యి పైకి లేవలేదు. తన చెయ్యి వంక తానే ఎవరి చెయ్యో చూసినట్టు చూస్తూ ఉండిపోయాడు. పక్షవాతం.

అమ్మ తన పుస్తెలతాడు కుదువబెట్టి ఒక పాత కుట్టుమిషను కొన్నది. కాలనీ ఆడవాళ్ళకు జాకెట్లు, లంగాలు కుట్టేది. రాత్రి పదకొండింటి దాకా మిషను చప్పుడు వింటూ నేనూ తమ్ముడూ నిద్రపోయేవాళ్ళం. మళ్ళీ మొదటి షిఫ్టు కూతకు ముందే, నాలుగింటికి, గోనెపట్టా మీద మోకరించిన అమ్మ గొంతు వినిపించేది. మాకు మెలకువ వస్తుందని సన్నగా పాడుకునేది. అప్పుడు తీసిన రాగం ఇప్పటికీ ఏ తెల్లవారుజామునైనా నా చెవిలో మొదలవుతుంది.

ఏడాది గడిచింది. నాయిన లేవలేదు. ఒక ఉదయం నాకు కోపం ఆగలేదు. "దేవుడు వింటే నాయిన ఎప్పుడో లేచేటోడు. ఎవరికోసం పాడుతున్నవ్?" అని గట్టిగా అరిచాను. నాయిన మంచం మీద కళ్ళు తెరిచే ఉన్నాడని నాకు తెలియదు. ఆ మాట ఆయన కూడా విన్నాడు. నేను ఈనాటికీ సిగ్గుపడే మాటల్లో అదొకటి.

అమ్మ కొట్టలేదు, తిట్టలేదు. పట్టా మడిచి మూలన పెట్టి అన్నది:

"మీ నాయిన లెవ్వాలె అని మొదట్ల అడిగిన కొడకా. ఇప్పుడది అడుగుతలేను. రేపు పొద్దుగాల నేను లెవ్వాలె అని అడుగుతున్న. నేను లేస్తే మీరు లేస్తరు."

అంతే. పొయ్యి ముట్టించడానికి పోయింది.

ఆ రోజుల్లో ఒక పెద్దమనిషి మా ఇంటికి వచ్చి, మీలో విశ్వాసం తక్కువగా ఉంది గనుకనే రోగం తగ్గడం లేదని, మందులు మానిపిస్తే విశ్వాసం రుజువవుతుందని చెప్పాడు. అమ్మ ఆయనకు చాయ పోసి, "మందిచ్చే చెయ్యిగూడ దేవుడిచ్చిందే గద అయ్యా" అన్నది. చదివింది మూడో తరగతే. అయినా ఆ మాటలో మన ప్రాంతపు క్రైస్తవ చరిత్ర సగం ఉన్నదని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండు డాక్టరమ్మ కుష్ఠురోగులకు ఆస్పత్రి పెట్టింది. దానికి చేయూతనిచ్చిన ప్రముఖులలో నర్సాగౌడ్ అనే హిందూ దాత ఒకరు. ఊరు వెలివేసిన మనిషి పుండు కడగడానికి ఇద్దరి భక్తులూ సరిపోయాయి.

మెదక్ చర్చి సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. గోపురం సుమారు 175 అడుగులు. కరువు రోజుల్లో ఆకలితో వచ్చినవాళ్ళకు పని చూపించి, ఆ పనికి అన్నం పెట్టి, పాస్నెట్ దొర ఈ గుడి కట్టించాడని చెప్పుకుంటారు. అమ్మను అక్కడికి తీసుకుపోయినప్పుడు రంగుటద్దాల కిటికీలన్నీ చూపించాను. ఆమె వాటిని కాసేపు చూసి, తలవంచి నేలమీది పలకలు చూస్తూ నిలబడ్డది. "ఈ రాళ్ళు మోసినోళ్ళు ఆ పూట బువ్వ తిన్నరు" అన్నది. నేను ఎత్తు లెక్కలు చెబుతూ ఉంటే ఆమె అన్నం లెక్క చూసింది.

తెలుగు ఎం.ఏ. చదివేటప్పుడు నాకు ఒక చిత్రం జరిగింది. అమ్మ నాలుగింటికి పాడుకునే పాటల్లో చాలా వాటికి కర్త పురుషోత్తమ చౌదరి అని తెలిసింది. 1803లో పుట్టి 1890లో గతించిన ఆయన, సంప్రదాయ రాగతాళాలలో క్రైస్తవ కీర్తనలు రాశాడు. ఆ పుస్తకం అచ్చులో చూసిన నాకు అవి కొన్ని పుటలు. పుస్తకం చదవలేని అమ్మకు అవి చరణాలతో సహా కంఠస్థం. ఎవరిది చదువో నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

ఆ అనుమానంతోనే బైబిలు మళ్ళీ తీశాను. ఈసారి భక్తుడిగా కాదు, సాహిత్య విద్యార్థిగా. కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. అన్నీ స్తోత్రాలే అనుకునేవాణ్ణి. చూస్తే వాటిలో పెద్ద భాగం మొరలు, ఫిర్యాదులు, నిలదీతలు. ఎన్నాళ్ళు మరచిపోతావని దేవుణ్ణే అడిగిన గొంతులు. వాటిలోని ఒక మొరనే క్రీస్తు సిలువ మీద తనదిగా చేసుకుని, తననెందుకు విడిచిపెట్టావని అడిగాడు. అడగడం అవిశ్వాసం కాదన్నమాట. వినేవాడున్నాడనుకున్నవాడే కదా అడిగేది!

ఈ సంగతి నాకు పుస్తకంలో తెలిసింది. బతుకులో తెలిసింది 2021 మే నెలలో.

నాయిన అప్పటికి పోయి చాలాకాలమైంది. తమ్ముడు గోదావరిఖనిలో ఉండేవాడు. కరోనా రెండో విడతలో తొమ్మిది రోజులు ఆక్సిజన్ మీద ఉండి పోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. సమాధుల తోటకు ఆరుగురం పోయాం. పాస్టరుగారు దూరంగా నిలబడి వాక్యం చదివారు. అమ్మ నా వైపు తిరిగి, "పాడు కొడకా" అన్నది. వెయ్యిమంది ముందు ఉపన్యాసం చెప్పిన గొంతు పెగలలేదు. అమ్మే మొదలుపెట్టింది. రెండో చరణంలో గొంతు పూడిపోయి ఆగిపోయింది. మట్టి పోయడానికి వచ్చిన కుర్రాళ్ళు, మా మతంవాళ్ళు కూడా కాదు, పారలు పట్టుకుని కదలకుండా నిలబడ్డారు. ఎవరూ తొందర చేయలేదు. కాసేపటికి అమ్మ ఆగిన చోటనుంచే అందుకుని చివరిదాకా పాడింది.

విశ్వాసం ఉన్నవాళ్ళు ఏడవరని ఎవరైనా చెబితే నమ్మకండి. అమ్మ చాలా రాత్రులు ఏడ్చింది. ముసలిదాన్ని నన్ను ఉంచి వాణ్ణెందుకు తీసుకుపోయినవని చీకట్లో దేవుణ్ణి అడగడం నా చెవులతో విన్నాను. జవాబు రాలేదు. ఈనాటికీ రాలేదు. నాకు తెలిసి ఆమె ఇంకా అడుగుతూనే ఉన్నది.

అయితే నాలుగో రోజు పొద్దున లేచి, "మూల ఇంట్ల నలుగురికీ జ్వరమేనట. వాళ్ళకు ఎవలు వండుతున్నరు?" అని అడిగింది. వాళ్ళతో మాకు గోడ తగాదా ఉండి మాటలు లేవు. ఆ సంగతి గుర్తుచేశాను. "గోడతోని తగాదా, కడుపుతోని కాదు" అన్నది. పదమూడు రోజులు రెండు పూటలా క్యారియరు నింపి వాళ్ళ గేటు మీద పెట్టి వచ్చే పని నాకు పడ్డది. ఆ పదమూడు రోజులే నన్నూ మంచం మీదినుంచి లేపాయని తర్వాత గ్రహించాను. అమ్మ లేస్తే మేము లేస్తాం. పాత వరమే.

ఇప్పుడు అమ్మ కరీంనగర్‌లో మా దగ్గరే ఉంటుంది. మా మిత్రుడి ప్రశ్న ఆమెకు చెప్పాను, ఒక మంచి మాట చెబితే ఆయనకు అందిద్దామని. అమ్మ సిద్ధాంతమేమీ చెప్పలేదు.

"ఆ బిడ్డను మిషిని మీద ఎప్పుడు పండవెడుతరు?"

"సోమ, బుధ, శుక్రవారాలు."

"ఎంతసేపు?"

"నాలుగు గంటలు."

"అయితే శుక్కురారం నువ్వు పో. ఆయినె పక్కన కూసో. నీ ఉపన్యాసం చెప్పకు."

యోబు గ్రంథం గుర్తుకొచ్చింది. సర్వం పోగొట్టుకున్న యోబును చూడడానికి ముగ్గురు మిత్రులు వచ్చి, ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు మాటాడకుండా నేలమీద అతని పక్కన కూర్చున్నారు. తర్వాత నోరు తెరిచి, నీ కష్టానికి కారణమిదీ అని వివరించడం మొదలుపెట్టారు. కథ చివర దేవుడు కోపించింది వాళ్ళ మాటలకే. మౌనంగా కూర్చున్న ఆ ఏడు రోజులకు మాత్రం ఏ తప్పూ పట్టలేదు. ఎన్నిసార్లు చదివినా నాకు తట్టని సంగతి, ఆ పుస్తకం ఎన్నడూ చదవని అమ్మకు తెలుసు.

శుక్రవారం సెలవు పెట్టి, అమ్మ ఇచ్చిన టిఫిను డబ్బా పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాను. మిత్రులు వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. పక్కన కూర్చున్నాను. ఏమీ చెప్పలేదు. నావంటి వాడికి అది ఎంత కష్టమో నా విద్యార్థులనడగండి. కాసేపు ఫ్యాను చప్పుడు విన్నాం. కాసేపు లోపలికి పోయి ఆమెను చూసి వచ్చాం. పదకొండు దాటాక ఆయన గోడకు తల ఆనించి అట్లాగే నిద్రపోయారు. గంటన్నర పోయింది. మధ్యలో నర్సు పిలిస్తే నేనే లేచి వెళ్ళి మందుల చీటీ తీసుకుని వచ్చాను.

లేచాక ఆయన ముఖం తుడుచుకుని, డబ్బా మూత తీసి, "సార్, నేనడిగినదానికి మీరు ఇంక జవాబు చెప్పనే లేదు" అన్నారు.

"వచ్చే శుక్రవారం చెప్తాను," అన్నాను.

మొన్న శుక్రవారం కూడా వెళ్ళాను. ఆయన మళ్ళీ అడగలేదు.