ట్రాకు అందరిది: పేద పేటల పిల్లలకు బీఎంఎక్స్ శిక్షణపై శిక్షకుల ప్రణాళిక

బీఎంఎక్స్ రేసింగ్ అంటే ఇరవై అంగుళాల చక్రాలు, ఒకే గేరు ఉన్న చిన్న సైకిళ్లపై, మట్టి మిట్టలూ ఏటవాలుగా కట్టిన మలుపులూ గల మూడు, నాలుగు వందల మీటర్ల ట్రాకు మీద, గరిష్ఠంగా ఎనిమిది మంది ఒకేసారి తలపడే పందెం. 1970ల తొలినాళ్లలో కాలిఫోర్నియా కుర్రాళ్లు మోటారు సైకిలు పందేలను అనుకరిస్తూ మొదలుపెట్టిన ఈ ఆటకు 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో చోటు దక్కింది. దక్షిణ లండన్‌లోని పెకమ్‌లో మైఖేల్ ప్యూసీ 2004లో క్లబ్బును ఆరంభించగా, దాపునే ఉన్న బర్జెస్ పార్కులో ట్రాకు 2013లో తెరుచుకుంది. ఆ క్లబ్బులో ఎదిగిన కై వైట్ 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో రజతం గెలిచాడు. పతకానికి పదిహేడేళ్ల ముందే శిక్షణ మొదలైందనీ, సరైన ట్రాకు ఏర్పడడానికి ముందే పిల్లలు పోగయ్యారనీ ఈ వరుస చెబుతోంది. పేద పేటల్లో పనిచేసే శిక్షకుల కోసం రూపొందిన ఈ ప్రణాళిక, తెగని క్రమమే శిక్షకుడి తొలి బాధ్యత అన్న నమ్మకంపై నిలబడింది.

1. పరికరాలు ఉమ్మడి ఆస్తి. సైకిలు, ముఖమంతా కప్పే హెల్మెట్, గ్లవుజులు క్లబ్బే సమకూర్చాలి. ఇంట్లో సైకిలు లేదన్న కారణంతో ఏ బిడ్డనూ వెనక్కి పంపకూడదు. అయితే పొదుపు పేరుతో భద్రతను తగ్గించడం తగదు కనుక, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్‌ను పక్కన పడేయాలి; ఎన్ని దెబ్బలు తిన్నదో తెలియని పాత హెల్మెట్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు.

2. వేళ తప్పకూడదు. వారంలో నిర్ణయించిన రోజున, నిర్ణయించిన గంటకు ట్రాకు తెరవాలి; ఒక శిక్షకుడు రాలేకపోతే మరొకరు నిలబడాలి. వానకు మట్టి మెత్తబడి ట్రాకు మూసిన రోజున శిక్షణను రద్దు చేయకుండా, పంక్చరు వేయడం, చైను బిగించడం, బ్రేకు సరిచేయడం నేర్పాలి. బాగుచేయించే డబ్బు లేని ఇంటి బిడ్డకు ఆ విద్య సైకిలంత అవసరం.

3. నైపుణ్యానికి ఒక వరుస ఉంది. పెడళ్లను సమంగా ఉంచి నిలబడడం, బ్రేకు వేయడం వచ్చాక ‘పంపింగ్’ నేర్పాలి. మిట్ట ఎక్కేటప్పుడు ఒంటిని తేలిక చేసి, దిగేటప్పుడు చేతులతో, కాళ్లతో సైకిలును కిందికి నొక్కి, తొక్కకుండానే వేగం పెంచుకోవడాన్ని అలా అంటారు. దూకడం ఆ తర్వాతి మెట్టు: ముందుగా పైభాగం చదునుగా ఉన్న మిట్ట మీద, ఆపైన మధ్యలో ఖాళీ ఉండే జంట మిట్టల మీద సాధన సాగాలి, సిద్ధంగా లేని బిడ్డను తోటివారి కేకలు తొందరపెట్టకుండా శిక్షకుడు అడ్డుపడాలి. అంతర్జాతీయ పోటీల్లో హెచ్చరిక ముగిసిన తర్వాత ప్రారంభ గేటు పడే సంకేతం 0.1 నుంచి 2.7 సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, ఊహించి ముందుకు దూకే అలవాటును తొలి దశలోనే మాన్పించాలి.

4. తల దెబ్బపై బేరం లేదు. మెదడు అదిరిందన్న అనుమానం కలిగితే ఆ రోజు సాధన అక్కడితో ఆగాలి. బ్రిటన్ ప్రభుత్వం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 21 రోజులు నిండకుండా పోటీకి అనుమతించకూడదు. ఆ నిర్ణయాన్ని గెలుపు కోరుకునే శిక్షకుడికిగానీ, ఆడతానని పట్టుబట్టే బిడ్డకుగానీ వదలకూడదు.

5. ఆడపిల్లలకు సమాన వాటా. ఉన్నత స్థాయి క్రీడలకు నిధులు పంచే యూకే స్పోర్ట్, 2016 రియో క్రీడల తర్వాత బీఎంఎక్స్‌లో పురుషులకే మద్దతు కొనసాగించడంతో, బ్రిటిష్ రైడరు బెథనీ ష్రీవర్ బోధనా సహాయకురాలిగా పనిచేస్తూ, ప్రజల విరాళాలు కూడగట్టుకుని టోక్యోలో స్వర్ణం సాధించింది. ఆ విజయాన్ని కష్టాల మహిమగా కీర్తించడం సులువే గాని, విరాళాలు అందక ఆట మానుకున్నవారి పేర్లు ఏ పట్టికలోనూ కనిపించవు. అందుచేత ట్రాకు సమయం, మంచి సైకిళ్లు, పోటీల ప్రయాణ ఖర్చు బాలబాలికలకు మొదటినుంచే సమానంగా పంచాలి.

6. పేదరికం ప్రదర్శన వస్తువు కాదు. దాతలను కదిలించడానికి పిల్లల ఇంటి పరిస్థితిని ఫొటోలతో, పేర్లతో బయటపెట్టకూడదు. రుసుము మినహాయింపు ఎవరికి లభించిందో తోటి పిల్లలకు తెలియనివ్వకూడదు. పిల్లల గౌరవంతో పాటు వారి భద్రతనూ కాపాడాలి కనుక, పూర్వచరిత్ర తనిఖీ పూర్తికాని పెద్దవారెవరినీ శిక్షణ బాధ్యతల్లోకి తీసుకోకూడదు.

7. కొలమానం కొనసాగింపే. ఏడాది తిరిగాక ఎందరు ఇంకా వస్తున్నారో, పదహారేళ్లు దాటినవారిలో ఎందరు చిన్నపిల్లలకు నేర్పే స్థాయికి వచ్చారో పతకాల కంటే ముందు లెక్కించాలి. ప్రతిభావంతుణ్ణి పై స్థాయికి పంపాలి, పంపాక మిగిలినవారి వంతు సమయం తగ్గకూడదు.

ట్రాకుకు స్థలం, నిర్వహణ, దీపాలు సమకూర్చడం స్థానిక పాలక మండలి బాధ్యత. పోటీలో గెలిచిన ఏడాది ప్రశంసాపత్రం ఇచ్చి, మరుసటి ఏడాది మరమ్మతు నిధి ఆపేసే పద్ధతిని ఈ ప్రణాళిక అంగీకరించదు. దీనికి కట్టుబడిన ప్రతి శిక్షక బృందమూ ఏటా తల్లిదండ్రుల, పిల్లల సమక్షంలో జమాఖర్చులను, గాయాల నమోదును, హాజరు పట్టీని చదివి వినిపించాలి. ఏ సూత్రం తప్పినా నిలదీసే హక్కు అందరికంటే చిన్న రైడరుకు సైతం ఉంటుంది.