ఏ పేరు పెడితే ఆ లెక్క

1948లో నిజాం హైదరాబాద్ సంస్థానం భారతదేశంలో కలిసిన సెప్టెంబర్ 17 వస్తే తెలంగాణలో ఒకే రోజుకు నాలుగైదు పేర్లు వినిపిస్తాయి. కేంద్రం విమోచన దినమంటుంది. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం సమైక్యతా దినమంది, 2024లో తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవమంది. విలీనమనేవాళ్లున్నారు, విద్రోహమనేవాళ్లూ ఉన్నారు. ఓట్ల కోసం గోల అని కొట్టిపారేయడం తేలికే. కానీ పేరు మారినప్పుడల్లా యుద్ధం మొదలైన తేదీ, ముగిసిన తేదీ, లెక్కలోకొచ్చే శవాలూ మారిపోతున్నాయి. అందుకే ఈ తగువు నాకు చిన్నదనిపించదు.

పెద్దవాళ్ల నోట ఇప్పటికీ వినబడేది ‘పోలీసు యాక్షన్’. 1948 సెప్టెంబర్ 13న హైదరాబాద్ సరిహద్దు దాటింది పోలీసులు కాదు, ట్యాంకులతో వచ్చిన భారత సైన్యం. సైన్యం దానికి పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. అప్పటికే నిజాం ప్రభుత్వం భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. యుద్ధమంటే రెండు దేశాల మధ్య తగువని ఒప్పుకున్నట్టే. పోలీసు చర్య అంటే ఇంటిలోపలి శాంతిభద్రతల పని. అదే కాలంలో ఇండోనేషియా మీద చేసిన రెండు దాడులకూ డచ్చివాళ్లు ఇదే పేరు పెట్టుకున్నారు. ఈ పేరుతో చూస్తే అంతా అయిదు రోజుల్లో ముగిసింది. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం చూసింది వేరు. సైనిక చర్య సమయంలోనూ ఆ తర్వాతా 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని వాళ్ల అంచనా. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు, చనిపోయినవారిలో ఎక్కువమంది ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు.

నిజాం మీద, భూస్వాముల మీద కమ్యూనిస్టులు, రైతులు చేసిన ‘సాయుధ పోరాటం’గా దీన్ని చూసేవారి కాలం ఇంకా పొడుగు. 1946 జూలైలో కడవెండి గ్రామంలో ఉద్యమకారుడు దొడ్డి కొమరయ్య నేలకూలడంతో మొదలై, 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా. ఇక్కడ ఆంధ్రలోని నాయుడుపేటలో కూర్చుని మనకెందుకిది అనుకోనక్కర్లేదు. ఆ పోరాట నాయకుల్లో ఒకరైన పుచ్చలపల్లి సుందరయ్య మన నెల్లూరు సీమ అలగానిపాడు మనిషి. నాలుగు వేలమంది కమ్యూనిస్టులు, రైతులు చనిపోయారని ఆయన పుస్తకంలో రాశారు. ఆ పోరాటంలో చివరి మూడేళ్లు వాళ్లు ఎదుర్కొన్నది నిజాంను కాదు, భారత సైన్యాన్నీ పోలీసులనూ. వాళ్లకు సెప్టెంబర్ 17 ముగింపెలా అవుతుంది?

అయితే 1948 ఆగస్టులో నిజాం పక్షాన ఆయుధాలు పట్టిన రజాకార్లు ఊచకోత కోసిన బైరాన్‌పల్లికి ఆ రోజు విమోచనం కాదా? తప్పకుండా విమోచనమే. ఆ మాటను వాళ్ల నుంచి లాక్కునే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యంతరమల్లా దాన్ని హిందువులకు ముస్లింల నుంచి దొరికిన విమోచనంగా కుదించడం మీదే. విలీనం కోసం రాసినందుకు ఆ ఆగస్టులోనే రజాకార్ల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న సంపాదకుడు షోయబుల్లా ఖాన్. సాయుధ పోరాటానికి పిలుపిచ్చినవారిలో మఖ్దూం మొహియుద్దీన్ ఒకరు. కొమరయ్య మీద తుపాకి పేల్చింది విస్నూరు దేశముఖ్ అనే భూస్వామి మనుషులు, ఆ దేశముఖ్ హిందువు.

అందరికీ సరిపడే ఒక్క పేరు వెతకమని కొందరంటారు. ‘అంతర్యుద్ధం’ అందామన్నా, దేశముఖ్‌నూ కూలీనీ సమానులుగా నిలబెట్టినట్టవుతుందని ఒకరు కోప్పడతారు. ఆ కోపంలో న్యాయముంది. నేనడిగేది పేరు కాదు. పాఠ్యపుస్తకంలో 1946 నుంచి 1951 దాకా కడవెండి, బైరాన్‌పల్లి, ఉస్మానాబాద్ ఒకే వరసలో, తేదీలతో, మృతుల అంచనాలతో ఉండాలి. ఏ పేరు ఎవరు ఎందుకు పెట్టారో పిల్లలు ఆ తర్వాత తరగతిలో వాదించుకుంటారు.