దురాశ సరే, ఆ ఖాతా ఎవరిది?

ఈమెయిల్ లాటరీ మోసంలో సొమ్ము పోగొట్టుకున్నవారిని గురించి మన పాలకవర్గం వాడే భాష మారదు. బాధితుడు అత్యాశపరుడు, అజ్ఞాని. మంత్రి నుంచి స్టేషన్ రైటరు దాకా అందరికీ ఇదే పాఠం కంఠస్థం. దొంగను పట్టలేని రాజ్యం దోపిడీకి గురైనవాని శీలాన్ని విచారిస్తోంది.

సూరత్‌లోని లింబాయత్‌లో సాంచాల మీద బతికే తెలుగువారు ఎందరో ఉన్నారు. తెలంగాణ నేత పల్లెల నుంచి వలస వెళ్లినవారు, వారి పిల్లలు. సెలవునాడు డుమస్ నల్ల ఇసుక తీరంలో పిల్లలకు టమాటా భజియాలు కొనిపెడుతున్న ఒక నేత కార్మికుని ఫోనుకు పాతిక లక్షలు గెలిచావంటూ ఒక ఉత్తరం వచ్చిందనుకుందాం. పైన రిజర్వు బ్యాంకు చిహ్నం, కింద గవర్నరు సంతకం. బహుమతి విడుదలకు ముందుగా పన్ను కింద ఏ పదివేలో కట్టాలి. అతడు లొంగేది లాటరీ మీది మోజుకు కాదు, ఆ రాజముద్రకు. రేషను నుంచి పింఛను దాకా ప్రతిదానికీ ముద్రనూ సంతకాన్నీ నమ్మమని అతనికి నేర్పిందెవరు?

ఆ ఉత్తరం అబద్ధమని తేల్చడానికి పెద్ద చదువు అక్కరలేదు. టికెట్ కొననివానికి లాటరీ తగలదు. గుజరాత్‌లో గానీ, రెండు తెలుగు రాష్ట్రాలలో గానీ ప్రభుత్వ లాటరీయే లేదు. 1967 నుంచి నడుస్తున్న కేరళ లాటరీలోనూ అసలు కాగితపు టికెట్ చూపినవారికే బహుమతి. నగదు బహుమతిపై పన్నును ఇచ్చేవారే మినహాయించుకుని మిగిలినది చేతిలో పెడతారు. ముందుగా పంపమన్నారంటే అక్కడితో ఆ ఉత్తరాన్ని చించేయవచ్చు. రిజర్వు బ్యాంకు వ్యక్తులకు ఖాతాలు తెరవదు, బహుమతులు పంచదు. కౌన్ బనేగా కరోడ్‌పతి పేరిట వాట్సాప్‌లో తిరిగే పాతిక లక్షల కబురు కూడా ఈ తానులో ముక్కే. నైజీరియా శిక్షాస్మృతిలోని సెక్షన్‌ను బట్టి ఈ విద్యకు లోకమంతా 419 అని పేరు పెట్టింది. మన పాత భారత శిక్షాస్మృతిలోనూ మారువేషపు మోసానికి సెక్షన్ 419యే కావడం విచిత్రం.

ఇంతవరకు పోలీసులూ చెబుతారు. వారు చెప్పనిది ఒకటుంది.

2010 మే 26న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ జారీ చేసింది. మోసగాళ్లు వ్యక్తుల పేర, చిన్న సంస్థల పేర వేర్వేరు శాఖల్లో ఖాతాలు తెరిచి బాధితుల నుంచి రుసుములు వసూలు చేస్తున్నారని అందులో స్పష్టంగా రాసింది. అటువంటి ఖాతాలు తెరిచేటప్పుడు, వాటిలో లావాదేవీలు సాగేటప్పుడు మరింత అప్రమత్తంగా ఉండమని బ్యాంకులను ఆదేశించింది. అంటే మెయిల్ ఏ ఖండం నుంచి వచ్చినా, సొమ్ము పడేది మన ఊరి బ్యాంకు ఖాతాలోనని రాజ్యానికి అప్పటికే తెలుసు. కేవైసీ పేరిట ముసలివారిని సైతం శాఖల చుట్టూ తిప్పే బ్యాంకులు ఆ అద్దె ఖాతాలకు తలుపులు ఎలా తెరిచాయి?

అదే సర్క్యులర్‌లో మరో కత్తి ఉంది. లాటరీ కోసం విదేశాలకు సొమ్ము పంపడం ఫెమా ప్రకారం నిషిద్ధం, పంపినవారిపై చర్య తీసుకోవచ్చు. న్యాయమే కావచ్చు. కానీ మోసపోయి పంపినవాడు, తానే ముద్దాయినవుతానన్న భయంతో పోలీసు గడప తొక్కుతాడా? లోకం నవ్వుతుందన్న సిగ్గు ఒకవైపు, చట్టం భయం మరొకవైపు. ఈ మౌనమే మోసగాని పెట్టుబడి. సొమ్ము పోయిన గంటలోనే 1930కి ఫోన్ చేయమంటారు. డబ్బు మరో ఖాతాకు దాటకముందే ఆపడానికి అదే దారి కనుక తప్పక చేయాలి. అయితే ఫోన్ చేసినవానికి శిక్ష ఉండదన్న భరోసా ఆ ప్రకటనలో ఒక్క వాక్యమైనా ఉండవద్దా?

మన ఎంపీలు సభలో లేవనెత్తవలసిన ప్రశ్న ఇది: ఈ మోసాలలో వాడిన ఖాతాలు ఏ బ్యాంకు, ఏ శాఖలో తెరిచినవి, తెరిచిన అధికారులపై ఏ చర్య తీసుకున్నారు? 2010 నుంచి నేటి వరకు, శాఖలవారీగా.