వేటుకు ముందు ఒక్క మాట

అమెరికాలో ఒక ప్రభుత్వ పాఠశాల ప్రిన్సిపాల్ ఒక విద్యార్థిని పది రోజులు బడికి రావద్దని ఇంటికి పంపాలంటే కొన్ని పనులు చేయక తప్పదు. చేసిన తప్పేమిటో ఆ విద్యార్థికి చెప్పాలి. అతను కాదంటే తన దగ్గరున్న ఆధారమేమిటో చెప్పాలి. ఆ తర్వాత అతను చెప్పుకునేది వినాలి. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ నుంచి వచ్చిన గోస్ వర్సెస్ లోపెజ్ కేసులో 1975లో సుప్రీంకోర్టు పెట్టిన నియమమిది. అదే విద్యార్థిని ఫుట్‌బాల్ జట్టులోంచి సీజన్ మొత్తానికి తీసేయాలనుకుంటే, దేశంలో చాలాచోట్ల రాజ్యాంగం పేరు చెప్పి కోచ్‌ని నిలదీసే దారే లేదు. పది రోజుల పాఠాలు పోతే రాజ్యాంగం పలుకుతుంది. నాలుగేళ్లు తెల్లవారుజామున లేచి చేసిన సాధన ఒక సాయంత్రం పోతే మౌనంగా ఉంటుంది. ఈ తేడా న్యాయమని నాకు ఎంతమాత్రం అనిపించదు.

దీని వెనుక ఉన్న తర్కం పాతదే. రాష్ట్ర చట్టం పిల్లలకు చదువును హక్కుగా ఇచ్చింది కాబట్టి దాన్ని లాక్కునే ముందు అమెరికా రాజ్యాంగంలోని 14వ సవరణ ప్రకారం విచారణ ఉండాలని గోస్ తీర్పు చెప్పింది. ఆ మరుసటి ఏడాదే న్యూ మెక్సికో నుంచి వచ్చిన ఆల్బాక్ వర్సెస్ ఓడిల్ కేసులో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఆ హక్కుకు గిరి గీసింది. చదువు మొత్తంగా చూస్తే హక్కే, అందులోని ఒక్కొక్క భాగమూ విడివిడిగా హక్కు కాదంది. అంతర్ పాఠశాలల క్రీడలు ఆ గిరి బయటే ఉండిపోయాయి. ఆట ఒక అవకాశం మాత్రమే, హక్కు కాదు అన్న మాటను ఫెడరల్ కోర్టుల్లో ఎక్కువ భాగం అప్పటి నుంచి పాటిస్తూనే ఉన్నాయి.

కోర్టుల జంకు నాకు అర్థమవుతుంది. ఆ దేశంలో హైస్కూల్ ఆటల్లో పాల్గొనేవారి లెక్క 80 లక్షలు దాటింది. ఎవరిని ఆడించాలి, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలి అన్న ప్రతి తగవూ న్యాయమూర్తి దగ్గరికి వెళితే అటు ఆటా సాగదు, ఇటు కోర్టూ నడవదు. జార్జియాలో 1981లో అలాంటిదే ఒకటి జరిగింది. ఒక హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రిఫరీ నియమం తప్పుగా అన్వయించాడని, పొరపాటు జరిగిన చోటు నుంచి ఆటను మళ్లీ ఆడించాలని కింది కోర్టు ఆదేశించింది. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసి, రిఫరీల తప్పొప్పులు తేల్చడం తమ పని కాదంది. ఆ తీర్పుతో నాకు పేచీ లేదు.

అయితే ఆటగాణ్ణి ఎంపిక చేయకపోవడం వేరు, శిక్షించడం వేరు. ఎంపిక చేయకపోతే ‘నువ్వింకా సాధన చేయాలి’ అన్నట్టు. శిక్షిస్తే ‘నువ్వు తప్పు చేశావు’ అన్నట్టు. మొదటిది కోచ్ నైపుణ్యానికి సంబంధించిన సంగతి, దానిలో వేలు పెట్టే పని ఎవరికీ లేదు. రెండోది ఒక పిల్లవాడి నడవడిక మీద పడే మచ్చ. చిన్న ఊళ్లో ఆ మచ్చ మైదానం దాటి తరగతి గదిలోకీ, ఇంట్లోకీ వస్తుంది. కాలేజీ ప్రవేశం దాకా వెంటాడవచ్చు. 2002లో, పాఠ్యేతర కార్యకలాపాల్లో చేరే ఓక్లహోమా విద్యార్థుల మాదకద్రవ్య పరీక్షలపై వచ్చిన ఎర్ల్స్ కేసులో, అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ గిన్స్‌బర్గ్ ఈ వాస్తవాన్ని గుర్తించారు. కాలేజీకి దరఖాస్తు పెట్టుకునే విద్యార్థికి ఇలాంటి కార్యకలాపాలు ఆచరణలో తప్పనిసరి అన్నారు. మెజారిటీ మాత్రం అంతకు ఏడేళ్ల ముందటి వెర్నోనియా తీర్పు బాటలోనే నడిచింది. ఇష్టపడి చేరావు కాబట్టి కొంత స్వేచ్ఛ వదులుకున్నట్టే అన్నది ఆ బాట. ఆరెగాన్‌లోని వెర్నోనియాలో ఏడో తరగతి పిల్లవాడి తల్లిదండ్రులు మాదకద్రవ్య పరీక్షకు ఒప్పుకోలు పత్రం మీద సంతకం పెట్టలేదు. అంతే, అతనికి ఫుట్‌బాల్ లేకుండా పోయింది.

పిల్లలు గెలిచిన సందర్భాలు లేకపోలేదు. వాటిలో అందరికీ తెలిసింది పెన్సిల్వేనియాలోని మహనోయ్ కేసు. 2017లో కోర్టు పత్రాల్లో బి.ఎల్. అని మాత్రమే రాసిన 14 ఏళ్ల అమ్మాయికి బడి ప్రధాన (వర్సిటీ) చీర్‌లీడింగ్ జట్టులో చోటు దక్కలేదు, జూనియర్ జట్టులోనే దక్కింది. తనకంటే చిన్న తరగతి అమ్మాయికి ప్రధాన జట్టులో దక్కింది. ఒక శనివారం ఊళ్లోని దుకాణం దగ్గర నిలబడి, బడినీ చీర్‌నీ తిడుతూ స్నాప్‌చాట్‌లో ఓ బూతు మాట పెట్టింది. 24 గంటల్లో దానంతటదే మాయమైపోయే పోస్టు. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు, అది కోచ్‌ల దాకా వెళ్లింది, ఆ జూనియర్ జట్టు నుంచి కూడా ఏడాది సస్పెన్షన్ పడింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 8-1 తేడాతో అమ్మాయి పక్షాన నిలిచింది. బడి బయట, బడివేళల తర్వాత పిల్లలు అనే మాటల మీద పాఠశాలకుండే అధికారం బాగా తక్కువని జస్టిస్ బ్రేయర్ రాశారు.

మంచి తీర్పే. కానీ ఆ తీర్పు కాపాడింది మాటను. ఆ అమ్మాయి తిట్టకుండా, చేయని పనికి నింద మోసి జట్టు నుంచి పోయి ఉంటే వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే మొదటి సవరణ ఆమెకు ఎందుకూ పనికొచ్చేది కాదు. బూతు రాసిన పిల్లకు సుప్రీంకోర్టు దాకా దారి ఉంది. నోరు మూసుకుని నింద పడ్డ పిల్లకు ప్రిన్సిపాల్ గది దాకా కూడా హక్కుగా దారి లేదు.

మాటకు దొరికే రక్షణ కూడా ఊరిని బట్టి మారుతోంది. ఆరెగాన్‌లోని క్లాట్‌స్కనీలో బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు కోచ్ రాజీనామా కోరుతూ సంతకాలు చేశారు. ఆ అర్జీకి మొదటి సవరణ రక్షణ ఉందని, మ్యాచ్‌కు వెళ్లే బస్సెక్కకపోవడానికి మాత్రం లేదని 2006లో తొమ్మిదో సర్క్యూట్ చెప్పింది. ఆ మరుసటి ఏడాది టెనెసీలో కోచ్‌కు వ్యతిరేకంగా సంతకాలు చేసి జట్టు పోగొట్టుకున్న ఫుట్‌బాల్ ఆటగాళ్లకు ఆరో సర్క్యూట్‌లో చుక్కెదురైంది. కోచ్‌ని తీసేయించడానికి ప్రయత్నించే స్వేచ్ఛ మీకుంది, అతని అధికారాన్ని దెబ్బతీస్తూ ఆ జట్టులోనే ఆడే హక్కు లేదన్నది ఆ తీర్పు సారం.

వీటన్నిటికీ మించి పిల్లలను ఓడించేది కాలం. హైస్కూల్ సీజన్ కొన్ని వారాలు. దావా కొన్నేళ్లు. తీర్పు వచ్చేలోగా పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. మహనోయ్ అమ్మాయి సుప్రీంకోర్టులో గెలిచేనాటికి కాలేజీలో ఉంది. ఆమె మళ్లీ జట్టులోకి రాగలిగింది జిల్లా కోర్టు మొదట్లోనే ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల. అంటే ఈ కేసుల్లో అసలు పోరాటమంతా మొదటి వారంలోనే, స్టే దొరుకుతుందా లేదా అన్నదాని మీదే. వెంటనే లాయర్‌ని పెట్టుకునే తాహతున్న ఇంటి పిల్లలకే ఆ వారం పనికొస్తుంది.

ఆ స్టేకు కూడా చాలా రాష్ట్రాల క్రీడా సంఘాలు ఒక విరుగుడు రాసిపెట్టుకున్నాయి. కోర్టు ఉత్తర్వుతో ఆడిన పిల్లవాడి మీద పై కోర్టులో తీర్పు తిరగబడితే, అతను ఆడిన మ్యాచ్‌ల విజయాలను రద్దు చేసే అధికారం సంఘానికి ఉంటుంది. ఇండియానా సంఘం నిబంధన వీటిలో బాగా పేరుపడింది. అనర్హుడు ఆడితే ఎదుటి జట్టుకు అన్యాయం జరుగుతుందని సంఘాలు అంటాయి. అందులో కొంత నిజముంది. కానీ పదహారేళ్ల కుర్రాడి కోణంలో చూడండి. నేను గెలిచిన స్టే రేపు నా స్నేహితుల ట్రోఫీని మింగేస్తుందేమో అన్న భయంతో కోర్టు మెట్లెక్కాలి. ఉత్తర్వు ఉన్నా ఆడించడానికి బడి జంకుతుంది. న్యాయం అడిగినందుకు జట్టంతా జరిమానా కట్టే ఏర్పాటును నేను ఏ రకంగానూ సమర్థించలేను.

ఈ సంఘాలు ప్రైవేటువి కదా, రాజ్యాంగం వాటికి వర్తిస్తుందా అన్న ప్రశ్న కూడా ఉండేది. టెనెసీ సంఘం మీద బ్రెంట్‌వుడ్ అకాడమీ వేసిన కేసులో 2001లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో వర్తిస్తుందంది. సభ్యులు ఎక్కువగా ప్రభుత్వ పాఠశాలలే అయినప్పుడు సంఘం చర్య ప్రభుత్వ చర్యే అవుతుందంది. మనకూ ఈ ప్రశ్న ఎదురైంది. 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో బీసీసీఐ 12వ అధికరణ కింద ‘రాజ్యం’ కాదని మన సుప్రీంకోర్టు 3-2తో తేల్చింది, కానీ 226వ అధికరణ కింద హైకోర్టు తలుపు తట్టవచ్చంది. ఇక బ్రెంట్‌వుడ్ విషయానికొస్తే, 1997లో ఎనిమిదో తరగతి పిల్లలకు కోచ్ రాసిన ఒక ఉత్తరంతో మొదలైన ఆ తగవు 2007లో రెండోసారి సుప్రీంకోర్టుకెక్కి, చివరికి సంఘం గెలుపుతో ముగిసింది. పదేళ్లు పట్టింది.

గోటితో పోయేదానికి ఇంత గొడ్డలి ఎందుకు? గోస్ తీర్పు అడిగింది లాయర్లనూ సాక్షులనూ కాదు. నింద ఏమిటో చెప్పి, పిల్లవాణ్ణి మాట్లాడనివ్వమంది. సంఘటన జరిగిన కొద్ది నిమిషాల్లోనే ఆ సంభాషణ ముగించవచ్చంది. ఆటల విషయంలోనూ అది కుదురుతుందనడానికి న్యూ హాంప్‌షైర్ ఉంది. అక్కడి క్రీడా సంఘం కారణం చెప్పకుండా ఒక విద్యార్థికి అర్హత నిరాకరిస్తే, 1982లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తమ రాష్ట్ర రాజ్యాంగం కింద అంతర్ పాఠశాలల ఆటల్లో పాల్గొనడానికీ న్యాయ ప్రక్రియ రక్షణ ఉందని తీర్పిచ్చింది. మిగతా రాష్ట్రాల శాసనసభలు కూడా ఒక పరిమితి పెట్టవచ్చు. ఒకటి రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్‌ను కోచ్‌కే వదిలేసి, అంతకు మించితే కోచ్ కాని మరొక వ్యక్తి ముందు, తర్వాతి మ్యాచ్‌కు ముందే, పిల్లవాడి మాట వినాలని చట్టం చేస్తే చాలు. నిజంగా తప్పు చేసినవాడు అప్పుడూ బెంచీ మీదే కూర్చుంటాడు.

డాలస్‌లో, న్యూజెర్సీలో, బే ఏరియాలో మన తెలుగు పిల్లలు టెన్నిస్ ఆడుతున్నారు, ట్రాక్ మీద పరుగెత్తుతున్నారు. మాస్టారు చెప్పారంటే అందులో ఏదో నిజం ఉండే ఉంటుందని పెరిగినవాళ్లం మనం. సీజన్ మొదట్లో బడి పంపే ప్రవర్తనా నియమావళి మీద, ఆరోగ్య పత్రంతో పాటే, చదవకుండా సంతకం పెట్టేస్తాం. మహనోయ్ బడి కూడా అలాంటి నియమాలకు ఒప్పుకున్నావు కదా అనే ఆ అమ్మాయితో వాదించింది. ఈసారి ఆ కాగితం వచ్చినప్పుడు శిక్షల పేజీ తీసి చూడండి. సస్పెన్షన్ మీద అప్పీలు ఎవరికి చేయాలి, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు అన్న వాక్యం అందులో లేకపోతే, తల్లిదండ్రుల సమావేశంలో లేచి నిలబడి ఎందుకు లేదని అడగండి.