ఫొటో వెనుక పేరు రాయండి



కొంతకాలంగా మన సంఘం గ్రూపులో పాత ఫొటోలు వస్తున్నాయి. హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫులో ఉంటున్న మన పిల్లలు అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో దొరికినవాటిని సెల్‌తో తీసి పెడుతున్నారు. తాటాకు మందిరం, దాని ముందు నిలబడ్డ పెద్దలు, ఒంగోలు గిత్తలు కట్టిన బండి, కాలవగట్టు. వాటి కింద దాదాపు అందరూ ఒకే మాట రాస్తున్నారు: ఆ రోజులే వేరు, ఇప్పుడు ఊరు ఊరులా లేదు అని.

ఆ మాటలో ప్రేమ ఉంది, కాదనం. పోయినవి నిజంగానే పోయాయి. కాకినాడ నుంచి మద్రాసు దాటి సాగిన బకింగ్‌హామ్ కాలవలో ఒకప్పుడు ఉప్పు, కట్టెలు, ధాన్యం మోసుకుంటూ పడవలు తిరిగేవి. ఇప్పుడది చాలాచోట్ల పూడిపోయి తుమ్మచెట్ల పాలైంది. గిత్తలు దున్నిన చేలో ట్రాక్టరు దున్నుతోంది. వీటిని తలచుకుని కంటతడి పెడితే తప్పు లేదు.

అయితే ఫొటో సగమే చెబుతుంది. ఆ ఫొటోల్లో మన తాతలు ఎంతోమంది తుండుగుడ్డను భుజాన వేసుకోలేదు, నడుముకు చుట్టుకున్నారు. చూసేవారికి అది పల్లెటూరి వేషంలా కనబడుతుంది. కానీ పెద్దకులాలవారి ఎదుట మనవాళ్ల భుజాన గుడ్డ ఉండకూడదన్న కట్టడి ఆనాడు ఎన్నో ఊళ్లలో ఉంది. రాతి గిలకలతో ఊరిబావి ఎంతో అందంగా ఉంది కదా, దానిలో చేద వేసే హక్కు మన నాయనమ్మలకు ఉందా? ఎవరో దయతలచి పోసేదాకా కుండ పట్టుకుని దూరంగా నిలబడినవాళ్లు ఆ ఫొటోలో లేరు. తాటాకు మందిరం చల్లగా ఉండేదని రాసినవారు, వానాకాలంలో కారే ఆ కప్పును మాటిమాటికీ నేసినవారిని ఒకసారి అడగండి. స్లాబు పడిన రోజు వాళ్లెంత సంతోషించారో చెబుతారు.

గడిచిన దినాలు ఈ దినాలకంటే ఎందుకు మంచివని అడగడం జ్ఞానం కాదని ప్రసంగి ఏడో అధ్యాయం హెచ్చరిస్తుంది. మరి పాతది తలచుకోనే కూడదా? ఎజ్రా మూడో అధ్యాయం చదవండి. రెండవ మందిరానికి పునాది వేసినప్పుడు మొదటి మందిరాన్ని చూసిన ముసలివారు బిగ్గరగా ఏడ్చారు, మిగిలినవారు సంతోషంతో కేకలు వేశారు. ఏది ఏడుపో ఏది సంతోషమో వినేవారికి తెలియలేదు. ఏడ్చినవారిని దేవుడు గద్దించినట్టు అక్కడ లేదు. మన సంఘంలోనూ ఆ రెండు స్వరాలూ ఉండాలి. పడవలు పోయినందుకు దుఃఖపడదాం, నడుముకు చుట్టిన తుండు భుజానికి ఎక్కినందుకు స్తుతిద్దాం.

మా బాధ ఇంకొకటుంది. ఫొటోలున్నాయి గానీ అందులో ఉన్నది ఎవరో చెప్పేవారు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

మన చరిత్రలో ఇది కొత్త కాదు. 1876–78 ధాత కరువులో జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవలో మూడు మైళ్లకు పైగా తవ్వే పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ గట్టు మీద మట్టి మోసిన తల్లుల పేర్లు మనకు తెలియవు. అదే కరువులో హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఎముకలు తేలిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. తీసినవాడి పేరు మిగిలింది, కూర్చున్నవారి పేర్లు మిగల్లేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మనం గొప్పగా చెప్పుకుంటాం. అందులో పది పేర్లు చెప్పమంటే మనలో ఎందరు చెప్పగలరు?

లూకా పదహారో అధ్యాయంలో ప్రభువు చెప్పిన కథ గుర్తుచేసుకోండి. ఊదారంగు బట్టలు కట్టిన ధనవంతునికి అక్కడ పేరు లేదు. వాకిట పడి ఉన్న దరిద్రునికి మాత్రం లాజరు అని పేరు ఉంది. లోకం చేసే పద్ధతికి ఇది పూర్తిగా తిరగబడ్డ పద్ధతి. పాత ఫొటోల కింద దొర పేరు, దొరసాని పేరు ఉంటాయి, పక్కనున్నవారు ‘ఒక బైబిలు స్త్రీ’, ‘కూలీలు’. ప్రభువు పద్ధతిని పాటించేవారమైతే ఆ పేర్లు వెదికి రాయడం మన పని.

అందుకే అడుగుతున్నాం. ఈ నెలలో ప్రతి ఇంటివారూ తమ దగ్గరున్న పాత ఫొటోను పెద్దవారి ఒడిలో పెట్టి అడగండి. ఈయనెవరు, ఈమె ఏ ఇంటి ఆడపడుచు, వెనకాల ఉన్న చెట్టు ఎక్కడిది, ఆ రోజు ఎందుకు తీయించుకున్నారు? వారు చెప్పింది ఫొటో వెనుక మెత్తని పెన్సిలుతో రాయండి, పెన్ను సిరా ముందుకు ఊరుతుంది. అద్దానికి అంటుకుపోయిన ఫొటోను ఊడబెరకవద్దు, అలాగే సెల్‌తో తీయండి. గ్రూపులో పెట్టేటప్పుడు ‘ఆ రోజులే వేరు’ అనే మాటకు ముందు పేర్లు పెట్టండి. తండ్రి పేరు, ఊరు తెలిస్తే ఇంకా మంచిది.

తరువాత చూద్దాంలే అనుకోవద్దు. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో ఇళ్లు కొట్టుకుపోయినవారికి, పోయిన తమవారి ముఖం చూసుకోవడానికి ఫొటో కూడా దక్కలేదు. మనకు దక్కింది. మన తాతమ్మల ముఖాలు మన చేతుల్లో ఉన్నాయి, వారి పేర్లు తెలిసిన ఒకరిద్దరు ఇంకా మన మధ్య మంచాల మీద ఉన్నారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వారి దగ్గరికి వెళ్లండి.

తన గొర్రెలను పేరు పెట్టి పిలిచే కాపరి మీకు తోడై ఉండును గాక. ఆమేన్.